పక్షుల ఫోటోలతో వచ్చింది, గాజు సీసా దగ్గర ఆగింది: ఒక కెరీర్ కేసు

ఈమె నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఒక హార్డ్ డిస్క్, నోట్లో ఒకే ప్రశ్న. "ఉద్యోగం మానేసి ఫోటోగ్రఫీలోకి వచ్చేయొచ్చా సార్?" అవునో కాదో ఒక్క మాటలో చెప్పమంది. వయసు 28. మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో అయిదేళ్లుగా ఉద్యోగం, ఆమె జీతం మీద ఆధారపడ్డ మనిషి ఇంట్లో ఒకరు, జీతం ఆగిపోతే ఎనిమిది నెలలు నెట్టుకురాగలిగేంత పొదుపు, ఒక కెమెరా, దూరంగా ఉన్న పిట్టల్ని దగ్గరికి లాగే ఒక 150-600 జూమ్ లెన్స్. పేరు రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆమె చదివి సరే అన్నాకే ఇది బయటపెడుతున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పందొమ్మిదేళ్లుగా ఫోటోలు తీయడమే నా బతుకు. మొదట్లో ఈవెంట్లు, తర్వాత ఎక్కువగా ప్రొడక్ట్ పని. ఆరేళ్ల నుంచి, ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లతో కూర్చుని, ఎవరికి ఏ పని సరిపడుతుందో చిన్న చిన్న ట్రయల్స్ పెట్టి చూస్తున్నాను. ఈ కేసులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది, చిన్నదేం కాదు. రాయడానికి ఇదే ఎంచుకోవడానికి సగం కారణం అదే.

మొదటి రోజు

హార్డ్ డిస్క్‌లో 112 పక్షుల ఫోటోలున్నాయి. ఫోకస్ కరెక్టుగా కంటి మీదే ఉంది, తెల్ల రెక్కల్లో కూడా వివరం పోలేదు, టెక్నికల్‌గా వంక పెట్టడానికి లేదు. కాకపోతే ప్రతి ఫోటోలోనూ పిట్ట మధ్యలోనే, దాదాపు అదే సైజులో, పక్కకి తిరిగి ఉంది. పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వరసలో నిలబడ్డట్టు. నోరు జారి ఆ మాట అనేశాను కూడా. ఆమె నవ్వలేదు. "అన్నీ ఒకేలా ఉంటేనే కదా సార్ పోల్చి చూడ్డానికి వీలు" అంది.

ఆ మాట అక్కడే పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు. ఇంకొకటి కూడా కళ్ల ముందే ఉంది: ఫైళ్ల పేర్లు. మామూలుగా నా దగ్గరికొచ్చేవాళ్ల ఫోల్డర్లు 'న్యూ', 'న్యూ 2', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్' అని ఉంటాయి. ఈమె ఫైళ్లన్నిటికీ తేదీ, పక్షి జాతి, చోటు, వరస నంబరు ఉన్నాయి. 112కి 112. నేను ఫోటోల మీద పడ్డాను, పేర్లు చదవనే లేదు.

వైల్డ్‌లైఫ్ గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాను. పక్షుల ఫోటోలు అమ్ముకుని బతికేవాళ్లు చాలా తక్కువ. ఆ రంగంలో పేరున్నవాళ్లలో చాలామందికి ఇల్లు గడిచేది వర్క్‌షాపులతో, టూర్లకి జనాన్ని తీసుకెళ్లడంతో, ఉపన్యాసాలతో, యూట్యూబ్‌తో. అంటే అది సగం టీచరు పని, సగం టూర్ గైడ్ పని. తెల్లవారుజామున పదిమంది కొత్తవాళ్లని వెంటేసుకుని వెళ్లి, పిట్ట వచ్చిన క్షణంలో మన కెమెరా వదిలేసి వాళ్ల కెమెరా సెట్టింగులు సరిచేయాలి. అది ఇష్టమేనా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "నేను అడవికి వెళ్లేదే మనుషులు ఉండరని" అంది చివరికి. సరే, అది పక్కన పెట్టాం.

ఫోటోగ్రఫీ అనేది ఒక ఉద్యోగం పేరు కాదు

వచ్చినవాళ్లందరికీ నేను చెప్పే మొదటి సంగతి ఇదే. ఫలానా ఫోటోలు చూడ్డానికి బాగుంటాయి కాబట్టి ఫలానా ఫోటోగ్రాఫర్ అవుతాను అనుకోవడం, సినిమా బాగుంది కాబట్టి థియేటర్ నడుపుతాను అనుకోవడం లాంటిది. షట్టర్ నొక్కే సమయం చాలా పనుల్లో చాలా కొంచెం. మిగతా సమయంలో ఏం చేస్తామన్నది పనిని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఈవెంట్లయితే జనంతో మాట్లాడటం, నిలబడటం, ఆ తర్వాత వేల ఫ్రేముల్లోంచి ఏరుకోవడం. ఆర్కిటెక్చర్ అయితే వెలుగు కోసం కాచుకోవడం, టిల్ట్-షిఫ్ట్ లెన్స్‌తో నిలువు గీతలు నిలువుగా ఉండేలా చూడటం, బిల్డింగ్ మేనేజర్ని బతిమాలి లైట్లన్నీ వేయించడం. ఫోరెన్సిక్ అయితే ముందు మొత్తం చోటు, తర్వాత మధ్య దూరం, తర్వాత దగ్గర్నుంచి, పక్కన స్కేలు పెట్టి, కెమెరా ఆ వస్తువుకి సరిగ్గా లంబంగా. అక్కడ అందానికి చోటే లేదు. రేపు కోర్టులో ఎవరైనా ప్రశ్నిస్తే నిలబడాలి, అంతే. డెంటల్ క్లినిక్ పనికి చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్, లెన్స్ చుట్టూ ఉండే రింగ్ ఫ్లాష్, నోట్లో పెట్టే అద్దాలు కావాలి. మొదటి రోజూ ఆరు నెలల తర్వాతా అదే కోణం, అదే వెలుగు ఉండాలి, పేషెంటు రాతపూర్వక అనుమతి ఉండాలి.

కెమెరా ముట్టుకోకుండా ఈ రంగంలోనే బతికేవాళ్ల గురించి ఎవరూ చెప్పరు. తీసిన ఫోటోలకి మెరుగులు దిద్దే రీటచర్లు, పత్రికల్లో ఫోటో ఎడిటర్లు, పెద్ద షూట్‌లలో కెమెరాని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి వచ్చే ప్రతి ఫ్రేమునీ చూసుకునే డిజిటల్ టెక్‌లు, ప్రింటింగ్‌లో రంగులు చూసేవాళ్లు. ఒక్కోసారి ఫోటోగ్రాఫర్ కంటే డిజిటల్ టెక్‌కే నెలకి ఎక్కువ రోజులు పని దొరుకుతుంది.

ఇంకో అపోహ, మొదట పట్టుకున్న పనిలోనే జీవితాంతం ఉండిపోవాలని. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్నవాళ్ల పోర్ట్రెయిట్లు తీసే స్టూడియో చాలా ఏళ్లు నడిపింది. ప్రపంచమంతా ఎరిగిన ఆమె 'మైగ్రెంట్ మదర్' ఫోటో 1936లో, ప్రభుత్వ సంస్థ కోసం పనిచేస్తూ తీసింది. రాజా దీన్‌దయాళ్ ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో ఉండగా కెమెరా పట్టాడు, తర్వాతే నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఇది చెప్పాక ఆమె కొంచెం తేలికపడింది. "అయితే ఉద్యోగంలో ఉండే చూడొచ్చా?" అంది. చూడొచ్చు కాదు, అలాగే చూడాలి అన్నాను.

నోట్‌బుక్

పద్ధతి చాలా సింపుల్. వారాంతాల్లో, సెలవుల్లో నాలుగు రకాల పనులు చేసి చూడాలి. ప్రతి పని తర్వాత నోట్‌బుక్‌లో రాయాలి: ఎన్ని గంటలు, అందులో కెమెరా చేతిలో ఉన్నవి ఎన్ని, మిగతా గంటల్లో ఏం చేశావు. చివర్లో ఒక ప్రశ్నకి జవాబు: 'రేపు పొద్దున మళ్లీ ఇదే చెయ్యమంటే?' ఫోటోలు ఎలా వచ్చాయో రాయొద్దని గట్టిగా చెప్తాను. ఫోటోల నాణ్యత ప్రాక్టీసుతో పెరుగుతుంది. పొద్దున లేచి ఆ పనికి వెళ్లాలని అనిపించడం ప్రాక్టీసుతో రాదు.

మొదటి ట్రయల్, నా తప్పు

ఈవెంట్‌తో మొదలుపెట్టించాను. ఎందుకంటే నేను అక్కడే మొదలుపెట్టాను, అంతకు మించి కారణం లేదు. అందరూ ఇక్కడి నుంచే వస్తారు, నాలుగు ఈవెంట్లు చేస్తే బెరుకు పోతుంది అన్నది మా తరం వాళ్ల నమ్మకం. ఒక కంపెనీ వార్షికోత్సవానికి నాకు తెలిసిన ఫోటోగ్రాఫర్ దగ్గర సెకండ్ షూటర్‌గా, అంటే తోడుగా తీసే రెండో మనిషిగా పంపాను.

తెల్లారి 1,430 ఫ్రేములు తెచ్చింది. కూర్చుని చూశాను. స్టేజి మీద పూల అమరిక, వరసగా పేర్చిన ట్రోఫీలు, ఖాళీ కుర్చీల వరసలు... అవి అద్భుతంగా ఉన్నాయి. మనుషులున్న ఫోటోల్లో ఒక్కరి కళ్లూ మనవైపు లేవు. ఎవర్నీ పిలవలేదు, ఎవరికీ ఎదురెళ్లలేదు, స్తంభం పక్కన నిలబడి జూమ్‌తో లాగింది. ముఖ్యమైన అవార్డు చేతులు మారే క్షణం అసలు లేనే లేదు. స్టేజి లైట్ నీలంలోంచి పసుపులోకి మారిందట, వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగుని బట్టి రంగులు సరిచేసే సెట్టింగ్, మార్చుకుంటూ ఉండిపోయింది. రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ముడి ఫైల్) కాబట్టి అది తర్వాత మార్చుకోవచ్చని నీకు తెలియదా అంటే, తెలుసు సార్, కానీ తప్పుగా ఉందని తెలిసీ ఎలా తీయను అంది.

నోట్‌బుక్‌లో చివరి ప్రశ్నకి జవాబు: 'రేపు మళ్లీ ఇదే చెయ్యమంటే జ్వరం వచ్చిందని చెప్తాను.'

ఇంత స్పష్టంగా రాసిన తర్వాత ఎవరైనా ఏం చేయాలి? నేనైతే ఇంకో రెండు ఈవెంట్లకి పంపాను. మూడోసారికి అలవాటవుతుందిలే అనుకున్నాను. మూడోది అయిన రాత్రి మెసేజ్ వచ్చింది: 'నాకు ఫోటోగ్రఫీ పడదేమో సార్. ల్యాబే నయం.' నేను పెట్టిన పద్ధతిని నేనే పాటించలేదు, దాని ఖరీదు ఆమె ఆరు వారాలు. మనిషి దాదాపు చేజారిపోయింది. ఫోన్ చేసి క్షమాపణ అడిగాను, ఇంకొక్క రెండు నెలలు ఇమ్మన్నాను.

న్యూస్

దీన్ని తొందరగా దాటేస్తాను. పత్రికకి పనిచేసే మిత్రుడితో రెండు ఆటల పోటీలకి వెళ్లింది. వేగం నచ్చింది, నియమాలు ఇంకా నచ్చాయి. న్యూస్‌లో ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు అన్నదానికి గీతలు గట్టిగా ఉంటాయి. వార్తా సంస్థ రాయిటర్స్ 2015లో, రా ఫైళ్ల నుంచి తయారుచేసిన ఫోటోలు పంపొద్దు, కెమెరా తనే ఫోటోగా తయారుచేసి ఇచ్చిన జేపెగ్‌లే పంపండి అని తన ఫ్రీలాన్సర్లకి చెప్పింది. అది విని "అలా ఉండాలి" అంది సంతోషంగా. కానీ ఆట జరుగుతుండగానే ఫోటో ఏరి, క్యాప్షన్ రాసి, నిమిషాల్లో పంపేయాలి. ఆమె నోట్: 'పని బాగుంది. ఒక్కో ఫోటోకి ఇంత తక్కువ టైమ్ ఇవ్వడం బాగాలేదు.' పైగా ఈ రంగంలో పర్మనెంట్ ఉద్యోగాలు ఎప్పటి నుంచో తగ్గిపోతున్నాయి. 2013లో షికాగో సన్-టైమ్స్ తన ఫుల్‌టైమ్ ఫోటోగ్రాఫర్లందర్నీ ఒకే రోజు తీసేసింది. అది కూడా చెప్పాను. ఇద్దరం పెద్దగా చర్చ లేకుండానే వదిలేశాం.

సీసా

మూడో ట్రయల్‌కి నా స్టూడియోకి రమ్మన్నాను. టేబుల్ మీద ఒక సెంటు సీసా పెట్టాను. గాజు సీసా, మెరిసే లోహపు మూత. లైట్లు రెండు, ట్రేసింగ్ పేపర్, తెల్ల కార్డులు, నల్ల కార్డులు, కత్తెర, టేపు. గాజుని ఎలా తీస్తారో ప్రిన్సిపుల్ మాత్రం చెప్పాను: గాజు మీద వెలుగు వేస్తే లాభం లేదు, వెనక ట్రేసింగ్ పేపర్ కట్టి దాని మీద వెలుగు వెయ్యి, గాజు దాన్ని తీసుకుంటుంది. ఫ్రేముకి బయట రెండు పక్కలా నల్ల కార్డులు నిలబెడితే సీసా అంచులు నల్లటి గీతల్లా తేలతాయి. ఇంత చెప్పి పక్క గదిలో నా ఎడిటింగ్‌కి వెళ్లిపోయాను. అప్పుడు సాయంత్రం అయిదు.

ఆరింటికి తొంగిచూస్తే నల్ల కార్డులని సన్నగా కత్తిరించి, ఒక్కో సెంటీమీటరు దగ్గరకీ దూరానికీ జరిపి, ప్రతి మార్పుకీ ఒక ఫ్రేము తీసి, పక్కన కాగితం మీద దూరాలు రాసుకుంటోంది. ఏడింటికి అసలు తలనొప్పి మొదలైంది. మూతలో ట్రైపాడ్ కనిపిస్తోంది, కెమెరా కనిపిస్తోంది, ఆమె మొహం కూడా. మెరుపుల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ లెన్స్‌కి పెట్టి తిప్పింది, లాభం లేదు. లోహం మీద నేరుగా పడే ప్రతిబింబాన్ని లెన్స్ మీద పెట్టే మామూలు పోలరైజర్ తీసెయ్యలేదు. గాజుకీ నీటికీ అయితే పనిచేస్తుంది. నేను చెప్పబోయి ఆగాను. కాసేపు కుర్చీలో కూర్చుంది. లేచి పెద్ద తెల్ల కార్డు తీసుకుని, మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం కోసి, కెమెరా ముందు నిలబెట్టింది. ఇప్పుడు మూతకి కనిపించేది తెల్ల కార్డు మాత్రమే, మధ్యలో చిన్న నల్ల చుక్క. ఆ చుక్కని కూడా కోణం మార్చి మూత అంచు చీకట్లో కలిపేసింది. ఇక దుమ్ము. కంటికి అద్దంలా కనిపించే గాజు, మాక్రో లెన్స్‌లో చూస్తే దుమ్ము పట్టిన అటకలా ఉంటుంది. బ్లోయరు, మైక్రోఫైబర్ గుడ్డ, మళ్లీ బ్లోయరు. లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/16 దగ్గర సీసా అంతా ఫోకస్‌లోకి వస్తోంది కానీ, ఆ ఇరుకులో వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) ఫోటో మెత్తబడుతోందని తనే కనిపెట్టి, రంధ్రం ఇంకా పెద్దగా ఉండే ఎఫ్/8లో తొమ్మిది ఫ్రేములు ఫోకస్ జరుపుతూ తీసి కలిపింది.

రాత్రి తొమ్మిది దాటాక నా గది తలుపు కొట్టింది. "చూడండి సార్, మూత మీద నేను లేను" అంది. ఆ మొహంలో వెలుగు మూడు ఈవెంట్ల తర్వాత ఒక్కసారి కూడా చూడలేదు నేను. నాలుగు గంటల్లో ఫోన్ ముట్టుకోలేదు, టైమ్ చూడలేదు. నోట్‌బుక్‌లో చివరి జవాబు: 'సీసా ఇక్కడే వదిలి వెళ్లండి.'

నేనప్పటికి ఇక కేసు అయిపోయిందనే అనుకున్నాను.

మొదటి డబ్బు, మొదటి దెబ్బ

కాస్మెటిక్స్ అమ్మే ఒక చిన్న సంస్థ నలభై వస్తువులకి ఫోటోలు కావాలంది. నేనే చూపించాను. ఉత్సాహంగా ఒప్పుకుంది. రేటు మెసేజ్‌లో మాట్లాడుకున్నారు, అగ్రిమెంట్ లేదు. నేను అడగలేదు, అది నా రెండో తప్పు. ఫోటోలు ఇచ్చాక 'చిన్న మార్పులు' మొదలయ్యాయి. నీడ కొంచెం తగ్గించండి, మూత రంగు కొంచెం పెంచండి, పోయినసారి నీడే బాగుంది. పదకొండు రౌండ్లు తిరిగింది. ఆమె ఉద్యోగం అయ్యాక రాత్రుళ్లు కూర్చుని చేసింది. రెండు నెలల తర్వాత, వెబ్‌సైట్ కోసమని చెప్పి తీయించుకున్న ఫోటోలు ప్యాకింగ్ డబ్బాల మీద, షాపుల ముందు బోర్డుల మీద కనిపించాయి. అడిగితే, డబ్బులిచ్చాం కదా అన్నారు. ఎక్కడ వాడాలో ఎక్కడా రాసుకోలేదు కాబట్టి గట్టిగా అడగడానికి చేతిలో ఏమీ లేదు.

ఆ తర్వాత కూర్చుని ఒక పేజీ అగ్రిమెంట్ తయారుచేశాం. ఎన్ని ఫోటోలు, ఎప్పటికి, రెండు రౌండ్ల మార్పులు ఉచితం, మూడో దాని నుంచి గంట లెక్క, ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, ఎంతకాలం, వేరేచోట వాడితే మళ్లీ మాట్లాడుకోవాలి, సగం డబ్బు ముందే. ఆమె ఇదంతా గొడవలా ఫీలైంది మొదట. ఫోటో ఇవ్వడం వేరు, దాన్ని వాడుకునే హక్కు ఇవ్వడం వేరు, ఈ తేడా కోసమే 1947లో రాబర్ట్ కాపా, కార్టియర్-బ్రెసాన్ లాంటి పేరున్న ఫోటోగ్రాఫర్లు మాగ్నమ్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారని, ఫోటో మీద కాపీరైటు తీసినవాళ్ల దగ్గరే ఉండాలన్నది దాని పునాదుల్లో ఒకటని చెప్పాక కొంచెం కుదుటపడింది. పెద్ద పేర్లు చెప్తే కానీ మన సొంత హక్కు మీద మనకి నమ్మకం కుదరదు, ఏం చేస్తాం.

ఇంకో టెన్షన్ కూడా అప్పుడే మొదలైంది. 2022 నుంచి మాట రాస్తే బొమ్మ ఇచ్చే ఏఐ టూల్స్ అందరి చేతుల్లోకీ వచ్చాయి. ప్రొడక్ట్ పనిలో పెద్ద భాగం తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వస్తువు. అమెజాన్ లాంటి చోట మెయిన్ ఇమేజ్‌కి బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు, అంటే ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో) 255, 255, 255 ఉండాలని రూలు. అంత రూలు ప్రకారం నడిచే పనిని మెషీన్ లాక్కోవడం తేలిక. దాని మీద ఇల్లు కట్టుకోవద్దని చెప్పాను. మరి దేని మీద అని అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

రెండు రోజులు ఆలోచించాక మొదటి రోజు మాట గుర్తొచ్చింది. 'పోల్చి చూడ్డానికి వీలు.' ఏఐ అందమైన బొమ్మ ఇవ్వగలదు. ఈ వస్తువు ఈ రోజు ఈ స్థితిలో ఉంది అని సాక్ష్యం ఇవ్వలేదు. ఫోటో సాక్ష్యంగా ఉండాల్సిన పనులేవి? ఫోరెన్సిక్, మెడికల్, సైంటిఫిక్, ఆర్కైవ్. నెత్తురు చూడలేనని మొదటిదానికి వద్దంది. మెడికల్ ఆలోచిస్తానంది. ఆర్కైవ్ అంటే ఏంటని అడిగింది.

గాజు పలకలు

పాత ఫోటోలు, మ్యాపులు, దస్తావేజులు భద్రపరిచే ఒక సంస్థలో, అంటే ఒక ఆర్కైవ్‌లో, వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చే డిజిటైజేషన్ నడుస్తోందని తెలిసి, అక్కడున్న పరిచయంతో పదిరోజులు వాలంటీరుగా పంపాను. నేనూ రెండుసార్లు వెళ్లి చూశాను.

అక్కడ పని ఇలా ఉంటుంది. గాజు నెగటివ్‌ని కవర్లోంచి తీసే ముందు కవర్ని ఫోటో తీయాలి, ఎందుకంటే దాని మీద ఎప్పుడో ఎవరో పెన్సిల్‌తో రాసిన రెండు మాటలే ఆ ఫోటోకి ఉన్న ఏకైక చిరునామా కావచ్చు. నైట్రైల్ గ్లౌజులతో పలకని అంచుల దగ్గరే పట్టుకోవాలి. ఏటవాలుగా వెలుగుకి తిప్పి చూస్తే ఒక వైపు నిగనిగలాడుతుంది, అది గాజు. ఇంకోవైపు మసకగా ఉంటుంది, అది ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పూత, అటు వేలు తగలకూడదు. లైట్ ప్యానెల్ మీద పెట్టి, చుట్టూ నల్ల కార్డు మాస్క్ వేయాలి, లేకపోతే పక్కల నుంచి వచ్చే వెలుగు నెగటివ్‌ని పాలిపోయేలా చేస్తుంది. కెమెరా పై నుంచి కిందికి, పలకకి సమాంతరంగా. భద్రపరిచే మాస్టర్ ఫైల్ 16 బిట్ టిఫ్, అంటే వివరం పోకుండా దాచే రకం. కాగితాలకీ మ్యాపులకీ అయితే రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు, 24 రంగు గళ్లున్న కలర్‌చెకర్ కార్డు, ఎంత రిజల్యూషన్, రంగులో ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు అన్నదానికి అమెరికాలో ఫ్యాడ్జీ, నెదర్లాండ్స్‌లో మెటామోర్‌ఫోజ్ అని ప్రమాణాలు. తప్పుగా ఉందని తెలిసీ ఎలా తీయను అన్న మనిషికి, తప్పుగా ఉంటే తీయనే వద్దని రాతలో పెట్టిన చోటు దొరికింది.

నేను వెళ్లిన రెండోరోజు ఆమె చేత్తో గీసిన ఒక పాత మ్యాపు తీస్తోంది. మామూలు వెలుగులో తీశాక, ఒక లైట్ ఆపి రెండోదాన్ని దాదాపు టేబుల్ మట్టానికి దించింది, కాగితం మీద వెలుగు పక్క నుంచి పాకేలా. మడతలన్నీ కొండల్లా లేచాయి. వాటి మధ్యలో, నది గీత పొడుగునా సూది గుచ్చిన చుక్కలు వరసగా కనిపించాయి. ఒక మ్యాపు నుంచి ఇంకో మ్యాపుకి గీతల్ని దించుకోవడానికి అలా సూదితో గుచ్చేవాళ్లు. మామూలు వెలుగులో అవి కంటికి ఆనవు. అక్కడి ఇన్‌చార్జి మేడమ్ వచ్చి చూసి, ఆ ఫ్రేమ్ కూడా రికార్డులో చేర్చమంది.

ఆ మేడమే తర్వాత నాతో అన్నారు: "మేము మూడు వారాలు తన్నుకుని ఫైల్ నేమింగ్ పద్ధతి ఒకటి తయారుచేశాం. ఈ అమ్మాయి మొదటి రోజే దాంట్లో రెండు లోపాలు చూపించింది. ఇంతకుముందు ఏ ఆర్కైవ్‌లో చేశావమ్మా అంటే, పక్షులతో చేశాను అంది." ఆ రాత్రి ఇంటికెళ్లి ఆమె పాత ఫోల్డర్ తెరిచి ఫైళ్ల పేర్లు మొదటిసారి చదివాను. ఏడు నెలలుగా నా కంప్యూటర్లోనే ఉన్నాయి.

ఉద్యోగం సంగతి

పదిరోజులయ్యాక నేను తొందరపడ్డాను, ఆమె పడలేదు. ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ అడిగింది, కుదరదన్నారు. సరే అని మామూలుగా వెళ్తూనే శనివారాలు ఆర్కైవ్‌లో, అప్పుడప్పుడు ఒక ప్రొడక్ట్ పని. అదీ గాజు, లోహం, నగల్లాంటి మెరిసే వస్తువులు మాత్రమే, ఎందుకంటే వాటికి ఇంకా మనిషి చెయ్యి కావాలి, చేసేవాళ్లూ తక్కువ. రాజీనామాకి తనే రెండు షరతులు పెట్టుకుంది. పొదుపు ఎనిమిది నెలల నుంచి ఏడాదికి పెరగాలి, చేతిలో రాతపూర్వకంగా కనీసం ఏడాది కాంట్రాక్ట్ ఉండాలి. రెండూ కుదరడానికి ఇంకో పదకొండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి విసుగొచ్చి, మానేస్తానంటే నేనే ఆపాను.

ఆ మధ్యలోనే రిటైరైన ఒకాయన దగ్గర వాడిన మాక్రో లెన్స్ కొనుక్కుంది, 150-600 జూమ్ అమ్మలేదు. బ్యాకప్ సంగతి నేను చెప్పాల్సిన పనే రాలేదు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అనే 3-2-1 లెక్కని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరే. ఈమె అది వినకముందే పక్షుల ఫోటోలకి అలా చేస్తోంది.

ఇప్పుడు

వారానికి మూడు రోజులు ఆర్కైవ్, ఒకటి రెండు రోజులు ప్రొడక్ట్. ఆదాయం ల్యాబ్ జీతంలో దాదాపు నాలుగింట మూడొంతులు, కొన్ని నెలలు అంతకన్నా తక్కువ. మెడ నొప్పి మొదలైంది, కెమెరాని పై నుంచి కిందికి చూసేలా పట్టి ఉంచే కాపీ స్టాండ్ ఎత్తు మార్చుకున్నాక కొంచెం తగ్గింది. కిటికీలు మూసిన గదిలో రోజంతా ఒక్కదాన్నే ఉండటం గురించి అడిగితే, మీరు దాన్ని కష్టం అనుకుంటారు సార్ అని నవ్వింది. క్లయింట్లకి ఫోన్ చేసి బాకీ అడగడం మాత్రం ఇప్పటికీ చేతకాదు. అదో ప్రాణసంకటం. నేను ఆ పనికి మెసేజ్‌లు రాసిపెట్టాను, కాపీ చేసి పంపుతుంది.

ఈ కేసు తర్వాత నేను రెండు పనులు మార్చుకున్నాను. వచ్చినవాళ్ల ఫోటోలు చూసే ముందు ఫోల్డర్లు చూస్తున్నాను. నోట్‌బుక్‌లో చివరి ప్రశ్నకి జ్వరం అనే రకం జవాబు వస్తే ఆ పనికి రెండోసారి పంపట్లేదు. బెరుకున్నవాళ్లకి ఇంకో ఛాన్స్ ఇవ్వాలి కదా అని ఒక మిత్రుడు వాదించాడు. బెరుకు వేరు, విముఖత వేరు. బెరుకున్నవాళ్లు 'భయమేసింది, కానీ...' అని రాస్తారు. ఈమె నోట్‌లో కానీ లేదు.

ఆర్కైవ్ కాంట్రాక్ట్ వచ్చే మార్చితో అయిపోతుంది. కొనసాగిస్తారో లేదో ఇంకా తేల్చలేదు. ఒకవేళ ఆగిపోతే చూడ్డానికి డెంటల్ క్లినిక్‌లో మూడు రోజుల ట్రయల్ మాట్లాడి పెట్టాను. వచ్చే సోమవారం మొదలు. నోట్‌బుక్ కొత్తది కొనుక్కుంది.